మొదటి లాటు బళ్లకు నేను పెట్టిన సంతకం

కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు కలిసినప్పుడు, మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏమిటని అడుగుతుంటారు. గొప్పగా చేసినవి నాకు పెద్దగా గుర్తులేవు. భయపడ్డ రోజులు మాత్రం తేదీతో సహా గుర్తున్నాయి. వాటిలో ఒకటి మీకు చెబుతాను. పేర్లు ఎవరివీ చెప్పను. ఇందులో సిగ్గుపడాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి మిగతావాళ్ల పేర్లతో పనిలేదు.

నేను పనిచేసింది చిన్న సరుకు బళ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో. టన్ను బరువు మోసే నాలుగు చక్రాల బళ్లు. సికింద్రాబాద్ దాటాక ఊరి బయట ఉండేది మా ఫ్యాక్టరీ. మాది విజయనగరం వైపు. డిప్లొమా అవగానే ఈ ఉద్యోగం కోసమే ఇటు వచ్చి, కాప్రాలో ఇల్లు తీసుకుని ఇక్కడివాళ్లమైపోయాం. నేను చెప్పే సమయానికి చివరి తనిఖీ విభాగానికి ఇన్‌ఛార్జిని.

అవి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల జోరు మొదలైన రోజులు. మా వీధిలో ఇంటికొకరు కంప్యూటర్ కోర్సుల్లో చేరారు. మా ఫ్యాక్టరీ బస్సు ఆగే చోటే ఏసీ బస్సు ఒకటి వచ్చి, మెడలో కార్డులు వేసుకున్న పిల్లల్ని ఎక్కించుకుని పోయేది. మా బావమరిది ఎప్పుడు వచ్చినా, ఇంకా ఆ ఇనుమునే పట్టుకుని ఉన్నారా బావా అని నవ్వేవాడు. నవ్వు అటుంచితే, ఫ్యాక్టరీ పరిస్థితి నిజంగానే బాగాలేదు. పాత మోడల్ బళ్లు యార్డులో ఎండకు రంగు వెలిసిపోతున్నాయి. డిజైన్ విభాగంలో పిల్లలు ఒక్కొక్కరే రాజీనామా ఇచ్చి కంప్యూటర్ల వైపు వెళ్లిపోతున్నారు. కొత్త మోడల్ ఈ ఎండాకాలంలో బయటికి వెళ్లకపోతే గేటుకు తాళం పడుతుందని క్యాంటీన్లో రోజూ ఇదే మాట. నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ స్కూల్లో ఉన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా చేతిలో టీ చల్లారిపోయేది.

కొత్త మోడల్ అంటే షోరూములో మెరిసే బండే మీకు తెలుసు. దానికి ముందు చాలా నడుస్తుంది. మొదట రెండు మూడు బళ్లు చేత్తో కడతారు. వాటిలో ప్రతి బోల్టునూ ఇంజనీర్లే దగ్గరుండి బిగించుకుంటారు కాబట్టి అవి బాగానే ఉంటాయి. తర్వాత అసలు లైను మీద, అసలు పనివాళ్లతో మొదటి లాటు తీస్తారు. చిక్కంతా అక్కడ. అప్పటికి కొన్ని భాగాలకు అచ్చులే వచ్చి ఉండవు. రానివాటి బదులు ఏదో ఒకటి సర్దుకుని బండి పూర్తి చేయాలి. అలా సర్దిన ప్రతిదానికీ ఒక చీటీ రాయాలి. ఫలానా భాగం డ్రాయింగు ప్రకారం లేదు, ఈ లాటు వరకే అనుమతి అని. డీవియేషన్ చీటీ అనేవాళ్లం దాన్ని. తనిఖీ తరఫున దాని మీద సంతకం నాది. లాటు పూర్తయ్యాక బళ్లను రోడ్డు మీద నడిపి చూస్తారు, యార్డులో వరసగా నిలబెడతారు. చివరి కాగితం మీద నేను సంతకం పెడితే ట్రైలర్లు ఎక్కిస్తారు. గేటు దాటాక ఆ బండి కింద ఏముందో కొనుక్కున్నవాడికి తెలియదు. తెలియాల్సింది నాకు.

మా మొదటి లాటు ఇరవై ఐదు బళ్లు. చీటీలు నలభై దాకా అయ్యాయి. అందులో ఒకటి బ్రేకు ఆయిలు వెళ్లే రెండు సన్న గొట్టాలను పట్టి ఉంచే క్లిప్పు గురించి. ఆ క్లిప్పును బిగించే బ్రాకెట్ అచ్చు ఇంకా రాలేదు. డిజైన్ విభాగం నుంచి ఒక కుర్ర ఇంజనీరు చీటీ పట్టుకుని వచ్చాడు. పక్కనే ఇంకో కన్నం ఉంది, క్లిప్పు దానికి బిగిస్తే సరిపోతుంది, రెండంగుళాలే తేడా అన్నాడు. దగ్గర్లో ఏమీ తగలదు కదా అని అడిగాను. తగలదనే అనుకుంటున్నాను సార్ అన్నాడు. వెళ్లి కింద పడుకుని చూడాల్సింది. ఆ ఉదయం నా బల్ల మీద అలాంటివి ఇంకా పదకొండు ఉన్నాయి. సంతకం పెట్టాను. వారం తిరక్కుండా ఆ అబ్బాయి స్వీటు డబ్బా తెచ్చి అందరికీ పంచి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరడానికి వెళ్లిపోయాడు. నేనూ ఒకటి తీసుకుని అభినందించాను.

ఇక మా టెస్ట్ డ్రైవరు గురించి. బోయిగూడ మనిషి. తాతల కాలం నుంచి అక్కడే. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను సార్ అంటూనే నువ్వు అనేవాడు. మావైపు నుంచి వచ్చిన కొత్తలో అది నాకు ముల్లులా ఉండేది. తర్వాత, ఆయన నువ్వు అనడం మానేస్తే కోపం వచ్చిందని అర్థమని తెలిసింది. సీట్లో కూర్చుని నాలుగు కిలోమీటర్లు నడిపితే ఏ చక్రంలో ఏ బేరింగు గొణుగుతోందో చెప్పగలడు.

లాటులో ఇరవై నాలుగు బళ్లను ఖాళీగా కొద్ది దూరం నడిపి యార్డులో పెట్టాం. ఒక్కదాన్ని మాత్రం బరువు పరీక్షకు ఉంచుకున్నాం. టన్ను ఇసుక బస్తాలు వేసుకుని ఆయన దాన్ని రోజూ ఊళ్లో తిప్పేవాడు. ఒకరోజు మధ్యాహ్నం తిరిగి వచ్చి, ఇంజను ఆపి, సీట్లోంచి దిగకుండా అలాగే కూర్చున్నాడు. నేను దగ్గరికి వెళ్లాను.

“సార్, పెడల్ నా కాలి కిందకెల్లి జారిపోయింది,” అన్నాడు. “దిగుడు కాడ. రెండు మూడు సార్లు కొట్టినంక దొరికింది. బండి అయితే ఆగింది.”

రిజిస్టర్లో కూడా ఆయన తన భాషలోనే రాశాడు. లోడ్ మీద, ట్రాఫిక్‌ల గంట సేపు నడిచినంక పెడల్ నేలకు తగిలింది, మల్ల వచ్చింది అని.

బస్తాలు దింపి, బండిని పైకెత్తి అంతా చూశాం. ఆయిలు తగ్గలేదు. ఎక్కడా కారలేదు. పెడల్ తొక్కితే రాయిలా ఉంది. సాయంత్రం ఖాళీ బండిని మూడుసార్లు తిప్పాం. మర్నాడు పొద్దున్నే, చల్లని పూట, బరువు వేసి కూడా తిప్పాం. ఏమీ లేదు.

మా మేనేజరుగారు చెడ్డ మనిషి కాదు. గుంటూరు వైపు ఆయన. ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు. ఆ రోజు కూడా మెల్లగానే చెప్పారు. ఒక్క బండి, ఒక్కసారి. డ్రైవరు కాలు జారి ఉండొచ్చు. ట్రైలర్లు బుక్ అయిపోయాయి, హెడ్డాఫీసు నుంచి పెద్దలు వస్తున్నారు. రిజిస్టర్లో రిమార్కు తెరిచి ఉంటే బళ్లు కదలవు, క్లోజ్ చేయించండి అన్నారు. అలా అంటున్నప్పుడు ఆయన చేతిలోని పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, ఒక్కచోట నిలవలేదు. ఆయనా నాలాగే క్యాంటీన్ మాటలు వింటున్నారని అప్పుడర్థమైంది.

నేను డ్రైవరు దగ్గరికి వెళ్లి, ఆ లైను నువ్వే కొట్టేసి సంతకం పెట్టు అన్నా అని అడిగాను. ఆయన బీడీ ఆర్పి నా మొహంలోకి చూశాడు.

“నాకైంది నేను రాసిన. కొట్టెయ్యాల్నంటే నువ్వే కొట్టెయ్ సార్. నా చేతితోని కాదు.”

నేనే కొట్టేశాను. స్కేలు పెట్టి మరీ గీశాను. తప్పు చేసేటప్పుడు కూడా గీత వంకర పోకూడదనుకునే రకం నేను. పక్కన, తిరిగి పరీక్షించగా దోషం కనబడలేదు అని రాసి సంతకం పెట్టాను. అది అబద్ధం కాదు. అందుకే పెట్టగలిగాను.

మర్నాడు కొబ్బరికాయలు కొట్టారు, బంతిపూల దండలు వేశారు, ఫోటోలు తీశారు. ఆరు బళ్లు సికింద్రాబాద్‌లో మా డీలరు దగ్గరికి వెళ్లాయి. పద్దెనిమిది బళ్లు మూడు ట్రైలర్ల మీద ఎక్కాయి. ఫోటోలో నేను ముందు వరసలో ఉన్నాను. డ్రైవరు ఆ రోజు సెలవు పెట్టాడు.

రెండు రోజుల తర్వాత ఉదయం గుమాస్తా డీవియేషన్ చీటీల ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు. లాటు వెళ్లిపోయాక వాటిని ఒక్కొక్కటే చదివి, ఇకముందు ఇది వద్దు అని రాసి మూసేయాలి. తలుపు చీటీ, సీటు చీటీ, అద్దం చీటీ. ఇరవయ్యో ఇరవై ఒకటో క్లిప్పు చీటీ. రెండంగుళాలు ఇంజను వైపు జరపడమైనది అని ఉంది.

ఇంజను వైపు అంటే అక్కడ ఏముంది అని, మొదటిసారి, ఆలోచించాను. ఇంజను నుంచి పొగ కిందికి దిగే సైలెన్సరు గొట్టం ఉంది. బరువుతో గంటసేపు మెల్లగా నడిస్తే అది ఎర్రగా కాలిపోతుంది.

బ్రేకు ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను. కాలితో తొక్కితే గొట్టాల్లోని ఆయిలు చక్రాల దగ్గర బ్రేకును నెడుతుంది. ఆ ఆయిలు మరిగితే లోపల బుడగలు పుడతాయి. అప్పుడు కాలు తొక్కేది బుడగల్నే. పెడల్ నేలకు తగులుతుంది, బండి మాత్రం ఆగదు. బండి నిలబడి చల్లారితే బుడగలు మాయమవుతాయి. పెడల్ మళ్లీ రాయిలా ఉంటుంది. జరిగినదానికి గుర్తు కూడా మిగలదు.

లోడ్ మీద, ట్రాఫిక్‌ల, గంట సేపు. ఆయన మూడు మాటల్లో మొత్తం రాసి పెట్టాడు. నేను స్కేలు పెట్టి కొట్టేశాను.

ఆ కుర్చీలోంచి ఎలా లేచానో గుర్తులేదు. పరీక్ష బండి కింద పడుకున్నాక కానీ ఒళ్లు తెలియలేదు. క్లిప్పుకీ సైలెన్సరు గొట్టానికీ మధ్య జేబులోని పెన్సిలు దూరింది. నా వేలు దూరలేదు. డ్రాయింగు ప్రకారమైతే అక్కడ నా అరచెయ్యి పట్టాలి.

డ్రైవరుకు చీటీ చూపించాను. ఆయన చదివి తిరిగి ఇచ్చాడు. మళ్లీ బస్తాలు వేయించాడు. రోడ్డు మీదికి వద్దని, గేటు లోపలే, లారీలు ఎక్కే ఏటవాలు మీద మొదటి గేరులో పైకీ కిందికీ నడపాలని అనుకున్నాం. అడుగున అడ్డంగా ఇసుక కుప్ప పోయించాం. నేను పక్క సీట్లో కూర్చున్నాను.

“నువ్వు దిగు సార్. పిల్లలున్నోనివి.”

నీకు లేరా అన్నాను. ఆయన బండి స్టార్ట్ చేశాడు.

అలా గంటసేపు నడిపాడు. ఎండ అద్దంలోంచి ఒళ్లో పడుతోంది. కింద నుంచి వేడి పాదాలకు తగులుతోంది. పైకి ఎక్కడం, కిందికి దిగడం, బ్రేకు. ప్రతిసారీ బ్రేకు పట్టింది. పట్టిన ప్రతిసారీ నాకు రెండు ఆశలు కలిగేవి. నా ఊహ తప్పయి, బళ్లన్నీ క్షేమంగా ఉండాలని ఒకటి. నేను గీసిన గీత ఒప్పు కావాలని ఇంకొకటి. ఆ రెండోదాన్ని ఇప్పటికీ నేను క్షమించుకోలేదు.

ఎన్నోసారి దిగుతుండగానో ఆయన మోకాలు ఒక్కసారిగా ముందుకు పోయింది. పెడల్ టక్కుమని నేలకు తగిలింది. ఆ చప్పుడు నాకు వినబడింది. బండి తగ్గలేదు. టన్ను బరువు వెనక నుంచి మెడ పట్టి తోస్తున్నట్టు మమ్మల్ని తీసుకుని జారింది. ఆయన అరవలేదు, కంగారుపడలేదు. హ్యాండ్ బ్రేకు రెండు చేతుల బలంతో లాగాడు. ఇసుక కుప్పలో ముందు చక్రాలు దిగబడి ఆగాం. నా నోట్లో ఉప్పగా తగిలింది. పెదవి కొరుక్కున్నాను.

“ఇప్పుడు నమ్మినవా?” అన్నాడు, ఎదురుగా చూస్తూనే.

అక్కడి నుంచి మేనేజరుగారి గదికి పరిగెత్తాను. ఆయన విని, రెండు చేతులతో తల పట్టుకున్నారు. వెంటనే ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు ఫోన్ చేశారు. రెండు ట్రైలర్లు కాగితాల కోసం ఊళ్లోనే ఆగి ఉన్నాయి. మూడోది ఆ తెల్లవారుజామునే కోస్తా వైపు వెళ్లిపోయింది. ఆ డ్రైవరు దగ్గర ఫోను లేదు. ఆ రోజుల్లో ఉండేవి కావు. విజయవాడలో వాళ్ల ఆఫీసు దగ్గర ఆగినప్పుడు ఆపించాలి. డీలరుకు ఫోన్ చేస్తే ఐదు బళ్లు దుకాణంలోనే ఉన్నాయి. ఆరోది మాత్రం బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో ఒక వ్యాపారికి నడిపి చూడమని ఇచ్చారు. పొద్దుటి నుంచి సరుకు తోలుతోంది.

దుకాణంలోని ఐదు బళ్లనూ కదపవద్దని మేనేజరుగారు డీలరుకు చెప్పేశారు. మార్కెట్ బండి విషయంలో మాత్రం కొనబోయేవాడి ముందు గొడవ చేస్తే పేపర్లకెక్కుతుందని, హెడ్డాఫీసును అడిగి మధ్యాహ్నం మనిషిని పంపుదామని అన్నారు. అప్పటికి పదకొండు. నేను అక్కడే నిలబడ్డాను. నాకు ధైర్యం వచ్చిందని అనుకోకండి. ఉద్యోగం పోతుందన్న భయం ఒక పక్క, బండి కింద ఎవరైనా పడతారన్న భయం ఒక పక్క. రెండోది పెద్దదైపోయింది, అంతే. నేను వెళ్తున్నాను సార్ అన్నాను.

“ఎవరైనా అడిగితే, మీరు నాకు చెప్పి వెళ్లలేదు,” అన్నారు. “త్వరగా వెళ్లండి.”

స్కూటరు స్టాండు దగ్గర డ్రైవరు నా చేతిలోంచి తాళం తీసుకున్నాడు. నువ్వు ఎనక కూసో సార్, నేను నడుపుత అన్నాడు. ఎక్కాను.

ఆ దారి నాకు ప్రతిరోజూ తెలిసిన దారే. ఆ రోజు మాత్రం ప్రతి దిగుడూ లెక్కపెట్టుకున్నాను. బడి వదిలే చోట్లు, బస్టాపులు, రోడ్డు మీదే కూర్చుని పూలమ్మేవాళ్లు, ఎప్పుడూ కనిపించనివన్నీ కనిపించాయి. ఎక్కడ జనం గుమిగూడినా మెడ చాచి చూసేవాణ్ణి. ఒకచోట నిజంగానే గుంపు ఉంది. దిగి చూస్తే సైకిలు మీంచి పడ్డ గుడ్లు. డ్రైవరు స్కూటరు తిప్పుకుని మళ్లీ పోనిచ్చాడు.

మార్కెట్‌లో ఉల్లిపాయల వ్యాపారిని పట్టుకోవడానికి పావుగంట పట్టింది. పెద్దాయన, మర్యాదస్తుడు. కంపెనీవాళ్లమని చెప్పగానే కుర్చీలు వేయించాడు.

“బండి మంచిగనే ఉంది సార్,” అన్నాడు. “టన్నున్నర ఎత్తినా గుంజుతుంది.”

టన్ను బండికి టన్నున్నర. అది కూడా మేం ఊహించి ఉండాల్సింది. బండి ఎక్కడ అని అడిగాను. బోయిగూడలో పెళ్లి వంటలు చేసేవాళ్లకు ఉల్లిగడ్డ, ఆలుగడ్డ వేసుకుని అరగంట కింద పోయిందని చెప్పాడు. మా డ్రైవరు అప్పటికే స్కూటరు వైపు నడుస్తున్నాడు. ఆయన ఇల్లు ఆ వంటవాళ్ల వెనక గల్లీలోనే. దారిలో ఒకే ఒక్క మాట అన్నాడు. ఇప్పుడు నల్లా వచ్చే టైము, అందరు గల్లీల్నే ఉంటరు అని.

బోయిగూడ గల్లీలు మీకు తెలిస్తే నేను చెప్పక్కర్లేదు. తెలియకపోతే, రెండు వైపులా ఇళ్లు, మధ్యలో ఒక బండి పట్టే దారి, ఆ దారిలోనే బిందెలు, మంచాలు, పిల్లలు. ఒక మలుపు తిరగ్గానే మా బండి కనిపించింది. తెల్ల రంగు, ముందు ఇంకా వాడిన బంతిపూల దండ. గల్లీ దిగుడులో, ముందు తోపుడు బండి అడ్డం ఉంటే ఆగి, ఇంజను నడుస్తూనే ఉంది. దాని ముందు ఇరవై అడుగుల్లో నల్లా దగ్గర ఆడవాళ్లు. తోపుడు బండివాడు పక్కకు జరుగుతున్నాడు. అది జరిగితే ఈ బండి కదులుతుంది.

మా డ్రైవరు నడుస్తున్న స్కూటరును నా మీద వదిలేసి దూకాడు. నేను స్కూటరుతో సహా గోడకు ఒరిగాను. లేచి చూసేసరికి ఆయన కేబిను తలుపు తీసి, లోపల కూర్చున్నతని మీదుగా వంగి, హ్యాండ్ బ్రేకు లాగి తాళం తిప్పేశాడు. ఎవరో ఇల్లు కట్టుకుంటున్న చోటి నుంచి నేను ఇటుకలు తెచ్చి చక్రాల కింద పెట్టాను. నాలుగు చక్రాల కిందా పెట్టాను. ఇంకా పెడుతూనే ఉంటే ఇక చాలు సార్ అన్నాడు ఆయన.

నడుపుతున్నతను వ్యాపారి దగ్గర పనిచేసే మనిషి. నలభై ఏళ్లుంటాయి. దొంగలమనుకుని మొదట తిట్టాడు. కంపెనీ పేరు చెప్పి, బ్రేకులో లోపం ఉందని చెబితే కొంచెం తగ్గాడు.

“అది నాకెర్కే,” అన్నాడు. “పొద్దుగాల్నుంచి రెండుసార్లు కిందికి పోయింది. మల్ల మల్ల తొక్కితే వస్తది. కొత్త బండి గదా, గిట్లనే ఉంటదేమో అనుకున్న.”

నేను కేబినులోకి వంగి పెడల్‌ను చేత్తో నొక్కాను. అరచేతి కింద ఏమీ అడ్డం లేకుండా నేల దాకా వెళ్లిపోయింది. తోపుడు బండి అప్పటికి పక్కకు జరిగింది. ఎదురుగా దారి ఖాళీగా, నల్లా దాకా కనిపిస్తోంది. ఒకామె బిందె ఎత్తుకుంటూ ఏమైందన్నట్టు మావైపు చూసింది.

అక్కడే ఎవరిదో అరుగు మీద కూర్చుండిపోయాను. లోపల నుంచి ముసలావిడ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. మా డ్రైవరు వచ్చి నా ముందు నిలబడ్డాడు, ఓదారుస్తాడనుకున్నాను.

“మీరు ఫోన్ చెయ్యున్రి సార్,” అన్నాడు. “మిగిలినయి ఆగినయో లేదో.”

నువ్వు పోయి మీరు వచ్చింది.

మిగిలినవన్నీ ఆగాయి. మూడో ట్రైలరును ఆ సాయంత్రం విజయవాడలో ఆపారు. ఆ కబురు వచ్చేదాకా మేనేజరుగారూ నేనూ ఫోను పక్కనే కూర్చున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఇది నా తెలివి వల్ల కాదని మీరు గుర్తించే ఉంటారు. ఒక తోపుడు బండి నిమిషం సేపు అడ్డం ఉండటం వల్ల.

ఇంటికి వెళ్తే మా ఆవిడ గుమ్మంలోనే ఆపింది. “ఏటలగున్నారు? ఏటైనాది?” అంది. స్కూటరు మీంచి పడ్డానని చెప్పాను. మోచేతికి పసుపు రాస్తుంటే, పిల్లల్ని పిలవమన్నాను. వచ్చారు. ఎందుకు పిలిచానో చెప్పలేక, చదువుకోండి అని పంపేశాను.

వారం తర్వాత హెడ్డాఫీసు నుంచి ముగ్గురు విచారణకు వచ్చారు. ముందురోజు మేనేజరుగారు నన్ను పిలిచి, క్లిప్పు జరపమన్నది డిజైన్ అబ్బాయి కదా, అతను ఎలాగూ ఇక్కడ లేడు, సాఫ్ట్‌వేర్‌లో హాయిగా ఉన్నాడు, అతని పేరు రాస్తే ఎవరికీ నష్టం లేదు అన్నారు. నన్ను కాపాడాలనే అన్నారు. ఆ రాత్రంతా ఆ మాట నాకు తియ్యగానే ఉంది. కానీ మర్నాడు గదిలో రిజిస్టరు తెరిచి, ఈ లైను కొట్టేసింది ఎవరని అడిగారు. తలుపు దగ్గర బల్ల మీద మా డ్రైవరు కూర్చుని ఉన్నాడు. నేనే అన్నాను. బండి కిందికి చూడకుండా చీటీ మీద సంతకం పెట్టింది నేనే, డ్రైవరు సరిగ్గా రాస్తే నమ్మనిదీ నేనే అన్నాను. నిజం చెప్పడం పెద్ద త్యాగమేమీ కాదు. ఆ ముగ్గురి కంటే తలుపు దగ్గర కూర్చున్న ఆయనకే నేను ఎక్కువ భయపడ్డాను.

ఉద్యోగం పోలేదు. సంతకం అధికారం తీసేసి నన్ను విడిభాగాల స్టోరుకు పంపారు. బోల్టులు లెక్కపెట్టి కిటికీలోంచి ఇచ్చే పని. డ్రైవరు ఏదైనా కావాల్సి వస్తే చీటీ ఇచ్చేవాడు, నేను వస్తువు ఇచ్చేవాణ్ణి. నమస్తే సార్, మంచిది సార్. అంతకుమించి ఆరు నెలలు ఒక్క మాట లేదు. శిక్షల్లో అదే నాకు బరువుగా తోచింది.

బ్రాకెట్ అచ్చు వచ్చింది. వెనక్కి తెచ్చిన బళ్లన్నిటికీ గొట్టాలు మార్చారు, డ్రాయింగు ప్రకారం దూరంగా బిగించారు. బరువు వేసి, ఎండలో, ట్రాఫిక్‌లో నెలలకొద్దీ నడిపారు. నా స్థానంలో వచ్చిన అతను చాలా జాగ్రత్త మనిషి. చివరికి బళ్లు మళ్లీ యార్డులో వరసగా నిలబడ్డాయి, మళ్లీ ట్రైలర్లు వచ్చాయి. ఈసారి కొబ్బరికాయలు లేవు, ఫోటోలు లేవు. స్టోరు కిటికీలోంచి కనిపిస్తున్నా అటు చూడకుండా తల వంచుకుని నట్లు లెక్కపెడుతున్నాను.

పదిన్నరకు మేనేజరుగారి ప్యూను వచ్చి యార్డులోకి రమ్మన్నాడు. వెళ్తే, అందరూ నిలబడి ఉన్నారు. మొదటి బండి ట్రైలరు ముందు ఆగి ఉంది. మా డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాడు కానీ ఎక్కించడం లేదు. మేనేజరుగారు ఇబ్బందిగా నవ్వి, మీరు వచ్చి చూసేదాకా బండి కదపనంటున్నాడు అన్నారు. కొత్త ఇన్‌ఛార్జి కూడా నొచ్చుకున్నట్టు లేడు. టార్చి నా చేతికిచ్చాడు.

నేను డ్రైవరు దగ్గరికి వెళ్లాను. నేను చూసి ఏం లాభం అన్నా, నాకిప్పుడు సంతకం పెట్టే అధికారం లేదు కదా అన్నాను.

“నిన్ను సంతకం ఎవరడిగిన్రు సార్?” అన్నాడు. “నువ్వు భయపడ్డోనివి. జెర కిందికి చూడు.”

చొక్కా మాసిపోతుందని కూడా తోచలేదు. టార్చి వెలిగించి మొదటి బండి కింద పడుకున్నాను. క్లిప్పుకీ గొట్టానికీ మధ్య అరచెయ్యి పెట్టాను. పట్టింది. లేచి తల ఊపాను. ఆయన దాన్ని ట్రైలరు మీదికి ఎక్కించి దిగివచ్చి, రెండో బండి ఎక్కి కూర్చుని నాకోసం ఆగాడు. అలా ఇరవై నాలుగూ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది.